ఆఖరి నీళ్లలో ఉతికిన బట్టలు

సంచిలోకి దిగిన నీరు రెండోసారి మబ్బుగా ఉందని మా మరదలు ఫోన్ చేసినప్పుడు నేను కళాశాలలో జవాబుపత్రాలు దిద్దుతున్నాను. "వదినా, మళ్లీ వచ్చేసినాది" అని మాత్రమే అంది. ఏమి వచ్చిందో నేను అడగలేదు. మిగిలిన పదకొండు పత్రాలూ దిద్ది, మొత్తాలు సరిచూసి, కట్ట కట్టి, అప్పుడు లేచాను. ఆ పూట దిద్దినవాటిలో తప్పులు దొర్లాయేమోనని మర్నాడు మళ్లీ చూశాను. ఒక్కటీ లేదు. తప్పు లేకపోవడం మంచిదో కాదో తేల్చుకోలేక కట్టను అప్పగించేశాను.

మా తమ్ముడికి రెండు మూత్రపిండాలూ పాడయ్యాయి. మా నాన్నకూ అదే జబ్బు. మా తీరపు ఊళ్లలో అది చాలా ఇళ్లలో ఉంది. కారణం నీళ్లని కొందరు, ఎండలో చాకిరీ అని కొందరు, నొప్పి బిళ్లలని కొందరు అంటారు. నేను చదివినంతలో ఏ ఒక్కటీ నన్ను పూర్తిగా ఒప్పించలేదు. జబ్బు బయటపడ్డాక తమ్ముడు సముద్రం మీదికి వెళ్లడం మానేసి, ఒడ్డున పాకలో కూర్చుని వలలు బాగుచేస్తున్నాడు. పొట్టలోకి అమర్చిన సన్నని గొట్టం గుండా రోజుకు నాలుగుసార్లు మందునీరు ఎక్కించుకుంటాడు. కొన్ని గంటలు అది కడుపులో ఉండి, మూత్రపిండాలు చేయవలసిన పనిలో కొంత చేస్తుంది. తర్వాత దాన్ని ఖాళీ సంచిలోకి దింపుకుంటాడు. దిగిన నీరు తేటగా ఉండాలి. మబ్బుగా ఉంటే కడుపులోకి క్రిములు చేరి ఉండవచ్చు.

రెండోసారి ఆసుపత్రి నుంచి పంపేటప్పుడు డాక్టరుగారు స్పష్టంగానే చెప్పారు. ఇంకొక్కసారి ఇలా జరిగితే గొట్టం తీసేయక తప్పదు. ఆపైన వారానికి మూడు రోజులు పట్టణానికి వచ్చి, యంత్రం మీద రక్తం శుద్ధి చేయించుకోవాలి. మా ఊరి నుంచి అక్కడికి రెండు బస్సులు మారాలి. తమ్ముడికి వలల పని పోతుంది, తోడు రావలసిన మరదలికి చేపల బేరం పోతుంది. ఆ మాటలన్నీ నేను విడమరిచి చెబుతుంటే తమ్ముడు మధ్యలో ఆపాడు. మా వైపు అక్కను అప్ప అంటారు.

"అప్పా, నాను మిషను మీదకి ఎక్కను. నాన్నని సూసినాను కదా. గొట్టం తీసీరోజున నన్ను ఇంటికాడ ఒగ్గేయండి, సాలు."

బెదిరింపుగా అనలేదు. బస్సు ఏ వేళకో చెప్పినట్లు చెప్పాడు. నాన్న ఆ యంత్రం మీదికి వెళ్లిన పదకొండు నెలలూ తమ్ముడే తోడు వెళ్లాడు. కాబట్టి అతని మాటకు ఆధారం లేదని నేను అనలేకపోయాను.

నేను సూక్ష్మజీవశాస్త్రం బోధిస్తాను. ఎవరేం చెప్పినా ఎలా తెలిసిందని అడగడం నా ఉద్యోగంలో భాగం. ఉద్యోగం బయట కూడా ఆ అలవాటు వదలదు. అరసవల్లిలో నేను అద్దెకున్న వాటాలో పక్కింటివాళ్లు నా దగ్గర వైద్యం గురించి మాట్లాడటం మానేసి చాలాకాలమైంది. ప్రతి ఆదివారం తొలి బస్సుకు బయలుదేరి, తమ్ముడు నీరు మార్చుకునే పద్ధతిని మొదటి మెట్టు నుంచి చివరి మెట్టు దాకా గోడకు ఆనుకుని నిలబడి చూడటం మొదలుపెట్టాను. తప్పు ఎక్కడో ఒకచోట ఉండాలి. ఉందని రుజువేమీ లేదు. కానీ లేదనుకుంటే చేయడానికి ఏమీ మిగలదు.

అతని పద్ధతిలో నాకు లోపం కనబడలేదు. తలుపు మూసేవాడు, ఫ్యాను ఆపేవాడు, మూతికి గుడ్డ కట్టుకునేవాడు. నర్సు నేర్పిన వరసలో వేళ్ల సందులు, గోళ్ల కింద, మణికట్లు సబ్బుతో గడియారం చూసుకుంటూ రుద్దుకునేవాడు. మా విద్యార్థుల్లో ఎవరూ అంత శ్రద్ధగా చేతులు కడగరు. కడిగాక గోడకున్న మేకు నుంచి తుండు తీసి, రెండు చేతులూ తుడుచుకుని, గొట్టం మూత విప్పేవాడు.

మూడో ఆదివారం నేను ఆ తుండును ముక్కు దగ్గర పెట్టుకుని చూశాను. పైన పూల వాసన. దాని కింద, మూలల్లో, సరిగా ఆరని గుడ్డ వాసన.

"ఏటొదినా అలగ వాసన సూస్తన్నావు? వాసన నీళ్లెట్టి జాడించినాను. సెంటు కన్నా బాగుంటాది" అంది మరదలు.

"వాసన నీళ్లు వాసననే కప్పుతాయి. క్రిములను చంపుతాయని ఆ సీసా మీద కూడా రాయలేదు."

"నీకు సీసా మీద రాసింది కూడా సదవాలేటి! పెళ్లిసూపులకొచ్చినోడిని కూడా ఇలగే పైనుండి కిందకి సదివీసుంటావు. అందుకే పారిపోనాడు."

తమ్ముడు మూతిగుడ్డ వెనక నవ్వాడు. నేను తుండును శుభ్రమైన సంచిలో వేసి, పట్టణానికి తెచ్చుకుని, మా ప్రయోగశాలలో మూతపళ్లెంలో క్రిములను పెంచే జెల్లీ మీద అద్ది, వెచ్చని పెట్టెలో ఉంచాను. రెండు రోజుల తర్వాత తీసి చూస్తే జెల్లీ కనబడలేదు. దాని మీద పసుపుపచ్చగా, జిగటగా పెరిగిన పొర మాత్రమే కనబడింది. లెక్కపెట్టడం సాధ్యం కాదు.

దీన్నిబట్టి ఏమి తేలిందో రాసుకునే ముందు ఏమి తేలలేదో రాసుకున్నాను. తమ్ముడి కడుపులో చేరిన క్రిమి ఇదేనని తేలలేదు. ఆసుపత్రిలో రెండుసార్లు అతని నీటిని ఇలాగే జెల్లీ మీద వేసి చూసినా ఏ క్రిమీ పెరగలేదు గనక పోల్చడానికి నా దగ్గర ఏమీ లేదు. ఎవరింటి తుండును అద్దినా ఎంతో కొంత పెరుగుతుంది. కానీ శుభ్రంగా కడిగిన చేతులను ఆ గుడ్డతో తుడుచుకుని, వెంటనే గొట్టం మూత విప్పుతున్నాడు. ఆ దారి ఒకటి తెరిచి ఉంది. అక్కడి నుంచి ఉతుకు గురించి ఆలోచించాను.

మరదలు వాడేది రెండు తొట్ల మిషను. ఒక తొట్టిలో తిప్పి ఉతుకుతుంది, రెండో తొట్టిలో పిండుతుంది. నీళ్లు వేడిచేసే ఏర్పాటు దానిలో లేదు. ఉతుకుతున్నప్పుడు ఉష్ణమాపకం ముంచి చూశాను. ముప్ఫై ఒక్క డిగ్రీలు. చలికాలంలో ఇంకా తక్కువ ఉంటుంది. అంత తక్కువ వేడిలో సబ్బు పొడి మురికినీ, దాన్ని పట్టుకున్న క్రిములనూ గుడ్డ నుంచి విడదీస్తుందే గాని చంపదు. విడిపోయినవి ఆ నీటిలోనే తిరుగుతూ మళ్లీ ఏదో ఒక గుడ్డకు అంటుకోవచ్చు. అరవై డిగ్రీల నీటిలో ఉతకమని చెప్పే పుస్తకాలు, అరవై డిగ్రీలు ఇవ్వగల మిషన్లున్న దేశాల్లో రాసినవి.

"బ్లీచింగ్ పొడి ఏస్తన్నాను కదా వదినా. బావులకి జల్లీది. అది కూడా పని సెయ్యదంటావేటి?"

ఆ పొడిని కూడా కొంచెం తెచ్చి పరీక్షించాను. మూతి విప్పిన ప్లాస్టిక్ సంచిలో, సముద్రపు గాలి తగిలే వరండాలో, ఎన్ని నెలలుగా ఉందో ఎవరికీ గుర్తులేదు. అందులో క్లోరిన్ దాదాపు మిగలలేదు. మిగిలింది సున్నం. మరదలు ఇన్నాళ్లూ సున్నం నీళ్లలో బట్టలు ముంచుతోంది. ఆ సంగతి ఫోన్లో చెప్పాను.

"అయితే గోడకి రాయాల్సింది బట్టకి రాసినానన్నమాట" అంది.

కొత్త పొడి గాలి చొరని డబ్బాలో పంపాను. ఎలా వాడాలో ఒక కాగితం మీద రాసి మిషను పైన గోడకు అంటించాను. తమ్ముడి బట్టలు మిగతావాటితో కలపకుండా విడిగా ఉతకాలని అందులో మొదటి వాక్యం. నా మట్టుకు నేను ఆ కాగితం సమగ్రంగా ఉందనుకున్నాను. రెండు వారాల తర్వాత మళ్లీ ఒక తుండు తెచ్చి అద్దాను. కొద్దిగా తగ్గిందేమో. తగ్గిందని ప్రమాణం చేసి చెప్పగలిగినంత తేడా లేదు.

అది ఎందుకో, ఒక గురువారం సెలవు వచ్చి చెప్పకుండా వెళ్లినప్పుడు తెలిసింది. గురువారం ఊళ్లో మా ఇంట్లో బట్టలు ఉతికే రోజు. నేను ఎప్పుడూ ఆదివారాలే వెళ్లేదాన్ని గనక ఉతుకు మొదటి నుంచి చివరి దాకా ఏనాడూ చూడలేదు. ఉష్ణమాపకం ముంచింది కూడా నా కోసం ప్రత్యేకంగా తిప్పిన ఒక వాయిలోనే.

కుళాయి నీళ్లు రోజు విడిచి రోజు వస్తాయి. బోరింగు నీళ్లు ఉప్పు, సబ్బు నురగ రాదు. అందుకని తొట్టిలో ఒకసారి సబ్బునీళ్లు పోస్తే అవి నాలుగు వాయిలకు రావాలి. ఇందులో తప్పు పట్టడానికేమీ లేదు, నీళ్లు తక్కువున్నచోట అందరూ చేసేదే. మొదటి వాయి తమ్ముడి పిల్లల బడి చొక్కాలు. రెండోది అమ్మవీ మరదలివీ. మూడోది మరదలు చేపల బేరానికి కట్టుకెళ్లే చీరలు, గంప కింద తలకు పెట్టుకునే గుడ్డ చుట్టలు, వంటింటి మసిగుడ్డలు. తొట్టిలో నీళ్లు అప్పటికి కడుగు నీళ్ల రంగుకు వచ్చాయి. పైన చేప పొలుసు ఒకటి మెరుస్తూ తిరుగుతోంది. అప్పుడు మా అమ్మ లోపలి గదిలోంచి ఒక బకెట్టు తెచ్చింది. ఆ బకెట్టుకు ఎర్రతాడు కట్టి ఉంది, మరెవరి బట్టలూ అందులో వేయకుండా. అందులో తమ్ముడి తుండ్లు, పొట్ట మీద గొట్టాన్ని పట్టి ఉంచే నూలు పట్టీలు, లుంగీలు, సంచులు పెట్టుకునే బల్ల మీద పరిచే గుడ్డ ఉన్నాయి. నా కాగితంలో రాసినట్టే, వేటితోనూ కలపకుండా, విడిగా, వాటిని ఆ నీళ్లలో వేసింది.

నేను రాసిన కాగితం ఆమె తలకు జానెడు పైన గోడకు ఉంది. ఏ వరసలో ఉతకాలో అందులో నేను రాయలేదు. రాయవలసిన అవసరం ఉందని నాకు తోచలేదు.

"అమ్మా, వాడివి ఆఖర్న ఎందుకు వేస్తున్నావు?"

"మరి ఎప్పుడెయ్యాలే? రోగం బట్ట ఆకర్నే ఉతకాల. మైల బట్ట ముందేసి, ఆ నీళ్లలో పిల్లల బట్టలేస్తామేటి? సదువుకున్నావు గాని బుర్ర నేదు నీకు. మీ నాన్నవి ఎలగ ఉతికినామో మరిసిపోనావా?"

మరిచిపోలేదు. పురిటి బట్ట, చావు బట్ట, ముట్టు బట్ట, రోగం బట్ట, ఇవన్నీ ఆఖర్న. మా ఇంట్లో ఎవరూ ఎవరికీ నేర్పలేదు, అందరికీ తెలుసు. నాన్న బట్టలను ఆఖరి నీళ్లలో జాడించినవాళ్లలో నేనూ ఉన్నాను. అప్పటికే నేను ఎమ్మెస్సీ చదువుతున్నాను. ఆ వరస నాకు అప్పుడు కనబడలేదు. కళ్లతో చూసి, చేతులతో చేసి, ప్రశ్న అడగలేదు. నాన్న పోయినదానికీ దానికీ సంబంధం ఉందని చెప్పడానికి ఆధారం లేదు. ఈ వాక్యాన్ని నేను చాలాసార్లు రాసుకున్నాను. నిజమే కాబట్టి ఇక్కడ కూడా ఉంచుతున్నాను.

ఉతికాక వాటిని ఎక్కడ ఆరవేస్తారో కూడా ఆ రోజే చూశాను. అందరి బట్టలూ ముందు వాకిట్లో తాడు మీద. తమ్ముడివి వెనక గోడకూ దడికీ మధ్య, మధ్యాహ్నం వరకూ ఎండ రాని సందులో. వాకిట్లో ఆరేస్తే నలుగురి కంట పడతాయట. అక్కడ అవి సాయంత్రానికి కూడా అంచుల దగ్గర చెమ్మగానే ఉన్నాయి. చెమ్మగానే మడతపెట్టి, పూల వాసనతో పెట్టెలో సర్దారు.

"దీంట్లో వాళ్ల తప్పేటీ నేదప్పా" అన్నాడు తమ్ముడు. వెనక గుమ్మంలో కూర్చుని వల దారం పేనుతున్నాడు. "ఆకర్న ఎయ్యమన్నది నానే. పిల్లలున్న ఇల్లు. నా రోగం ఆళ్లకి అంటుకుంటే?"

"ఇది అంటుకునే రోగం కాదు. నీకు ఎన్నిసార్లు చెప్పాను?"

"సెప్పినావు. నాను నమ్మినాను. కాని ఎయ్యడం ఆకర్నే ఎయ్యమన్నాను."

నమ్మినదానికీ చేసినదానికీ మధ్య అంత దూరం ఉండటం నాకు కొత్త కాదు.

ఆ సాయంత్రం నాలుగు గుడ్డలు విడివిడిగా సంచుల్లో పట్టణానికి తెచ్చుకుని, ప్రయోగశాలలో నాలుగు పళ్లేలు తీసుకున్నాను. అమ్మ చీర, మేనల్లుడి బడి చొక్కా, మరదలి తల చుట్ట, తమ్ముడి తుండు. నాలుగూ అదే రోజు ఉతికినవి. ఒక్కోదాని అంచును ఒక్కో పళ్లెంలో అద్ది, మూతకు అంటుకాగితం చుట్టి, పేరు రాశాను. ఒక్కో పళ్లెంతో ఏదీ రుజువు కాదని నా విద్యార్థులకు చెబుతుంటాను. ఆదివారం వాటిని ఊరికి పట్టుకెళ్లాను. రుజువు చేయడానికి కాదు. అమ్మకు నా మాట కంటే కంటికి కనబడేది మేలు.

చాప మీద నాలుగూ వరసగా పెట్టాను. మూత తీయవద్దని ముందే చెప్పాను.

"ఓలమ్మా, వదిన అట్లు పోసినాదిరా!" అని మరదలు పిల్లలను పిలిచింది. "ఇది మినపట్టు, ఇది పెసరట్టు. ఈ నాలుగోది మాడిపోనాది సూడు."

బడి చొక్కా పళ్లెంలో అక్కడక్కడ చుక్కలు. అమ్మ చీర పళ్లెంలో కాస్త ఎక్కువ. తల చుట్ట పళ్లెం సగం నిండింది. తమ్ముడి తుండు పళ్లెంలో చోటు లేదు. అమ్మ ఒక్కొక్కదాన్నీ ఎత్తి, గుమ్మంలో వెలుగుకు పట్టి చూసింది. చదవడం రాదుగాని రొయ్యపిల్లల్లో రకం ఏరడంలో ఆమె కళ్లు మాకెవరికీ లేవు.

"ఈ పచ్చటివి దీంట్లో ఉన్నాయి. ఈ తల సుట్టలో కూడా అయ్యే ఉన్నాయి కదే."

"చూడటానికి ఒకేలా ఉన్నాయి. ఒకటేనని ఇంకా పరీక్షించలేదు."

"నీ పరీచ్చలు నువ్వెట్టుకో. నాకు కనబడతన్నాది." పళ్లెం కింద పెట్టింది. తర్వాత మరదలి వైపు తిరిగి అంది. "అంటే ఆడి మైల మనకి అంటలేదు. మన మైలే ఆడికి అంటింది."

మైల అనే మాట నేను వాడను. దాన్ని కొలిచే పరికరం లేదు. కానీ ఎటు నుంచి ఎటు వెళుతోందో ఆమె సరిగ్గా చెప్పింది. గోడ మీది నా కాగితంలో పదహారు వాక్యాలుండి కూడా ఆ సంగతి లేదు. ఆ కాగితం చింపేశాను.

తర్వాతి గురువారం నుంచి తమ్ముడి బట్టలు ముందు. అవి మిషనులోకి వెళ్లనే లేదు. పొందూరులో ముక్కలుగా దొరికే తెల్లని ఖద్దరు గుడ్డ తెచ్చి, జేబురుమాళ్ల కంటే కాస్త పెద్దగా చేతి తుండ్లు కుట్టించాను. సన్నగా ఉంటుంది గనక త్వరగా ఆరుతుంది, నూలు గనక మరిగించినా తట్టుకుంటుంది. ఒక తుండు ఒక్కసారికే. వాడినవాటిని సబ్బుతో ఉతికి, కొత్త గుండిగలో పొంగు వచ్చాక పది నిమిషాలు మరిగించి, కర్రతో తీసి, ముందు వాకిట్లో ఎండ బాగా పడేచోట ఆరవేయాలి. ఎండ క్రిములను చంపుతుందన్న మాటలో కొంత నిజముంది. అంతకన్నా ఎక్కువ నిజం, పూర్తిగా ఆరిన గుడ్డలో అవి పెరగలేవన్నది. ఆరాక రెండువైపులా ఇస్త్రీ, ఆపైన మూత ఉన్న స్టీలు డబ్బా. తడి బట్టలు ముట్టుకున్నవాళ్లు మళ్లీ చేతులు కడగాలి. మిగతా ఇంటి బట్టలు మామూలు నీళ్లలోనే, కానీ మసిగుడ్డలూ తల చుట్టలూ వేరే బకెట్టులో నానవేసి చివర్న. లోబట్టలకు తక్కువ వేడిలో కూడా క్రిములను చంపే ఆక్సిజన్ బ్లీచు పొడి. మిషను తొట్టిని నెలకోసారి ఖాళీగా కొత్త బ్లీచింగ్ నీళ్లతో తిప్పి, మూత తెరిచి ఉంచడం. ఇన్ని ఒకేసారి మార్చడం శాస్త్రానికి మంచిది కాదు, ఏది పనిచేసిందో ఎప్పటికీ తెలియదు. ఒక్కొక్కటిగా మార్చి చూడటానికి తమ్ముడికి ఇంకొక అవకాశం లేదు.

తమ్ముడికే అది ఇబ్బందిగా ఉండేది. గుండిగ పొయ్యి మీద పెట్టగానే లేచి వచ్చి, "ముందు నావేటి, పిల్లల సొక్కాలు కానీ" అనేవాడు.

"పక్కకి తప్పుకో మావా. నువ్విప్పుడు దొరబాబువి" అనేది మరదలు. "నీ తువ్వాలుకున్న మరియాద ఈ ఇంట్లో నాకు నేదు."

మూడు నెలలు అలా గడిచాయి. తుఫాను పట్టి నాలుగు రోజులు ఎండ లేదు, కరెంటు లేదు. ఆరవేసిన తుండ్లు ఆరలేదు. నేను ఫోన్లో చెప్పినట్టు మరదలు ఒక పాత కుక్కరులో వాటిని ఆవిరి పట్టి, వీధి చివరి ఇస్త్రీ బండి నుంచి బొగ్గుల పెట్టె అడిగి తెచ్చి, పొడిగా అయ్యేవరకూ రుద్దింది. కుక్కరు కూత విని పక్కింటామె దడి మీంచి తొంగిచూసిందట. "ఏటమ్మా, ఇయ్యాల ఏటి కూర?" అంటే, "తువ్వాలు పలావు. ఆకు అట్టుకుని రా, ఎడతాను" అని ఈమె జవాబు.

అయిదో రోజు తెల్లారగానే ఫోన్ వచ్చింది.

"వదినా, సంచి మబ్బుగా ఉన్నాదో నేదో తెలీటం నేదు. ఇంట్లో సీకటి. నాకు కళ్లు సరిగ్గా అగపడతన్నాయో నేదో కూడా తెలీటం నేదు. నువ్వు రా."

తొలి బస్సు దొరికింది. దారిపొడుగునా కొబ్బరిచెట్లు పడి ఉన్నాయి, రెండుచోట్ల దిగి నడిచాం. నేను ఏమనుకుంటూ వెళ్లానో గుర్తుచేసుకోవాలని తర్వాత ప్రయత్నించాను. కండక్టరు చొక్కాకు రెండో గుండీ లేదు. అది తప్ప ఏదీ గుర్తులేదు.

తమ్ముడు మంచం మీద కూర్చుని ఉన్నాడు. కడుపు నొప్పి లేదన్నాడు, జ్వరం లేదన్నాడు. అవి అతను ఇంతకుముందు కూడా దాచినవే. నీరు దిగిన సంచిని గుమ్మంలోకి తెచ్చాను. ఆసుపత్రిలో నేర్పిన పద్ధతి ఒకటుంది. అచ్చు కాగితాన్ని సంచి వెనక పెట్టి, నీటిలోంచి అక్షరాలు చదవాలి. మేనల్లుడి సాంఘికశాస్త్రం పుస్తకం తెచ్చి వెనక పెట్టాను. అమ్మ, మరదలు, పిల్లలు నా వెనక నిలబడ్డారు.

"కనబడతన్నాదేటే?" అంది అమ్మ.

"నదుల మధ్య ఉండే సారవంతమైన మైదానాలలో" అని చదివాను. పుట తిప్పి ఇంకొకచోట చదివాను. నా కళ్లను నేను నమ్మకూడదు గనక మేనల్లుడి చేత చదివించాను. వాడు బళ్లోలాగా గొంతెత్తి పేరా మొత్తం చదివాడు. ఆపమని ఎవరూ అనలేదు. నీటిలో తెల్లటి నూలుపోగులాంటిది ఒకటి తేలుతోంది. అలాంటిది క్రిములు లేకుండా కూడా రావచ్చని చదివాను. చదవడం వేరు, ఆ సంచిలోది అదేనని తెలియడం వేరు. సంచిని మూటకట్టి, నలుగురం కలిసి పట్టణానికి బయలుదేరాం.

ఆసుపత్రి వరండాలో ఫలితం కోసం కూర్చున్నంతసేపూ తమ్ముడు పొట్ట మీద, పట్టీ ఉన్నచోట, అరచెయ్యి వేసుకునే ఉన్నాడు. మధ్యాహ్నం దాటాక డాక్టరుగారు పిలిచారు. నీటిలో కణాలు మామూలుగానే ఉన్నాయి, క్రిముల జాడ లేదు, తేలుతున్నది హాని లేని పోగు, గొట్టం తీయనక్కరలేదు. క్రిములను పెంచి చూసే పరీక్ష ఫలితం మూడు రోజుల్లో వస్తుందనీ, తనకైతే అనుమానం లేదనీ అన్నారు. మునుపు రెండుసార్లు అంత తొందరగా వచ్చింది ఈసారి ఇన్ని నెలలు రాకుండా ఎలా ఆగింది, ఇంట్లో ఏమైనా మార్చారా అని అడిగారు.

"చాలా మార్చాం. దేనివల్ల ఆగిందో చెప్పలేను. దేనివల్లా కాకపోయి కూడా ఉండవచ్చు" అన్నాను.

"మా వదిన అలాగే అంటాది బాబూ, ఇనకండి" అంది మరదలు. "ఆకర్న ఉతికీవి ముందుతికినాను. నానే."

"నువ్వేటి, గుండిగ దించింది ఎవలు?" అంది అమ్మ.

డాక్టరుగారికి ఆ తగవు అర్థం కాలేదు. చీటీ మీద తర్వాతి నెల రమ్మని రాసి ఇచ్చారు.

తిరుగు బస్సులో చోటు దొరికింది. ముందు సీటులో తమ్ముడూ మరదలూ, వెనక అమ్మా నేనూ. మరదలు కాసేపు ఏడ్చి, కొంగుతో ముక్కు తుడుచుకుని, వెనక్కి తిరిగి నన్ను చూసింది. "నీకు ఏడుపు రాదేటి వదినా? రాతితో సేసినాడా దేవుడు నిన్ను?"

"మూడు రోజుల్లో ఫలితం రావాలి" అన్నాను.

"ఒగ్గీవే, దాన్ని అడుగుతావేటి" అన్నాడు తమ్ముడు. తర్వాత వాళ్లిద్దరూ తుఫాను గురించి మాట్లాడుకున్నారు. ఒడ్డున ఎన్ని వలలు చిరిగి ఉంటాయో, ముందు ఎవరిది పట్టుకోవాలో, రేపు బోట్లు వెళితే ఆమె గంప ఎక్కడ దించాలో. బాగా చిరిగిన వలకు ఎనిమిది రోజులు పడుతుందని తమ్ముడు అన్నాడు. ఎనిమిది కాదు, నీ చేతికి పదిహేనని ఆమె అంది. వాళ్లు అలా రాబోయే రోజుల లెక్క మాట్లాడుకోవడం జబ్బు బయటపడ్డాక నేను వినలేదు. అమ్మ నా భుజం మీద తల ఆన్చి నిద్రపోయింది. పడిపోయిన చెట్లను కోస్తున్నచోట బస్సు ఆగింది. వాళ్ల మాటలు మాత్రం ఆగలేదు. నేను కదలకుండా కూర్చుని వింటున్నాను.